చూశామని చెప్పే ముందు

కిందటి చలికాలంలో ఒక సాయంత్రం. తార్నాకలో మగ్రిబ్ నమాజు ముగించుకుని మేము మసీదు మెట్లు దిగుతున్నాం. ఒక పెద్దమనిషి ఎదురై తన ఫోను మా చేతిలో పెట్టారు. అందులో ఒక చిన్న వీడియో. చీకటి ఆకాశంలో ముప్పై నలభై చుక్కలు ముత్యాల దండలా బారులు తీరి, ఒకదాని వెనుక ఒకటి సాగిపోతున్నాయి. కింద ఉర్దూలో రెండు వాక్యాలు: ఇది ప్రళయ సూచన అని, చూసినవారు పదిమందికి పంపి పుణ్యం కట్టుకోవాలని. "మౌలానా సాబ్, మీరేమంటారు?" అని ఆయన అడిగారు.

మేము అప్పటికి ఏమీ అనలేదు. కానీ ఇంటికి వచ్చాక ఆ వీడియో తెప్పించుకుని, మా దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులు ఇద్దరికి పంపాం. మా నోటితో అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ నిజానిజాలు విచారించకుండా ఒక మాటను ముందుకు తోశాం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ తొందరపాటే కారణం.

మరునాడు ఆ ఇద్దరిలో ఒకరి కుమారుడు మా ఇంటికి వచ్చాడు. చిన్నతనంలో మా దగ్గర ఖాయిదా చదువుకున్న పిల్లవాడే. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్నాడు. సలాం చేసి, చాయ్ తాగి, తల వంచుకుని నెమ్మదిగా అడిగాడు: "ఉస్తాద్, అది మీరు కళ్లారా చూశారా? లేక ఎవరో పంపితే పంపారా?"

మేము జవాబు చెప్పలేకపోయాం.

"అవి ఉపగ్రహాలు ఉస్తాద్. మనుషులు పంపినవి. నేనూ నా స్నేహితులూ క్యాంపస్‌లో నిలబడి ఇలాంటి వాటిని ఫోనుతో తీస్తుంటాం. రేపు మగ్రిబ్ తర్వాత మీరూ రండి. ఒక వెలుగు ఏ దిక్కున, ఏ నిమిషానికి వస్తుందో ఇప్పుడే రాసిస్తాను. రాకపోతే నా మాట నమ్మకండి" అన్నాడు. ఒక కాగితం మీద రాశాడు: 6 గంటల 58 నిమిషాలు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి.

కాగితం మీది నిమిషం

మరునాడు ఆర్ట్స్ కాలేజీ భవనానికి దూరంగా, వీధిదీపాల కాంతి తక్కువగా పడే ఒక చోట నిలబడ్డాం. మాతోపాటు నలుగురు విద్యార్థులు. మూడుకాళ్ల స్టాండు మీద ఒక ఫోను. తార్నాక చౌరస్తా వైపు నుంచి బస్సుల హారన్లు వినబడుతూనే ఉన్నాయి. 6 గంటల 58 నిమిషాలు అయింది. ఒకటి, రెండు క్షణాలు గడిచాయి. వాయవ్యాన చెట్ల కొమ్మల పైన ఒక వెలుగు పొడసూపింది.

అది మిణుకుమిణుకుమనలేదు. విమానానికి ఉండే ఎర్రదీపం, పచ్చదీపం దానికి లేవు. చప్పుడు లేదు. పైకి వచ్చేకొద్దీ ప్రకాశం పెరిగి, శుక్రతారను తలపించింది. నడినెత్తిన దాటి ఆగ్నేయం వైపు సగం దూరం దిగేసరికి, లాంతరు వత్తి తగ్గించినట్టు మసకబారి, మేము చూస్తుండగానే ఆరిపోయింది. దారికి అడ్డంగా మబ్బు ఏదీ లేదు.

అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దాని నిర్మాణం 1998లో మొదలైంది. 2000 నవంబరు నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 28 వేల కిలోమీటర్ల వేగంతో, దాదాపు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. 2007 అక్టోబరులో, రమజాన్ చివరి రోజుల్లో మలేషియాకు చెందిన షేక్ ముజఫ్ఫర్ షుకూర్ అక్కడికి వెళ్లారు. అక్కడ నమాజు ఎలా చేయాలో, ఖిబ్లాను ఎలా నిర్ణయించుకోవాలో ఆ దేశపు ఉలమాలు ఆయన కోసం మార్గదర్శకాలు రూపొందించారు. తండ్రి తరపున హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అక్కడ గడిపారు. 2023లో యూఏఈకి చెందిన సుల్తాన్ అల్ నెయాదీ ఆరు నెలలు ఉన్నారు. ఆ ఏటి రమజాన్ ఆయనకు అక్కడే గడిచింది. 2025లో మన దేశస్థుడు శుభాంశు శుక్లా వెళ్లివచ్చారు.

మరి ఆ వెలుగు దారి మధ్యలో ఎందుకు ఆరిపోయింది? ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు. చంద్రునిలాగే సూర్యకాంతిని తిప్పి పంపుతుంది. సూర్యుడు అస్తమించి గల్లీల్లో చీకటి పడినా, ఎత్తైన మినారు అంచున కాసేపు ఎండ నిలుస్తుంది కదా! 400 కిలోమీటర్ల ఎత్తున ఆ ఎండ ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అందుకే అంత ఎత్తులో తిరిగేవాటిని మగ్రిబ్ తర్వాత గంటన్నర లోపు, లేదా సూర్యోదయానికి ముందు అంతే సమయంలో చూడగలం. ఉపగ్రహం తూర్పుకు సాగి భూమి నీడలో అడుగుపెట్టగానే కంటికి కనబడదు. ఆరిపోయింది దీపం కాదు, దాని మీద పడే ఎండ.

ముత్యాల దండ సంగతి

ఫోనులో మేము చూసిన దండకూ ఇదే వివరణ. ఇంటర్నెట్ సేవల కోసం అమెరికాకు చెందిన స్పేస్‌ఎక్స్ సంస్థ 'స్టార్‌లింక్' ఉపగ్రహాలను ఒకే రాకెట్టులో పదుల సంఖ్యలో పంపుతుంది. తొలిసారి 2019 మే నెలలో 60 ఉపగ్రహాలు వెళ్లాయి. రాకెట్టు విడిచిన మొదటి రోజుల్లో అవి ఒకదాని వెనుక ఒకటి దగ్గరదగ్గరగా సాగుతాయి. తర్వాత పైకి చేరుకుంటూ దూరదూరంగా సర్దుకుంటాయి. అప్పుడు దండ కనబడదు.

ఆ తొలి దండను నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరం నుంచి వీడియో తీసి లోకానికి చూపినవారు మార్కో లాంగ్‌బ్రూక్. ఆయన చదివింది పురావస్తుశాస్త్రం. ఉపగ్రహాల పరిశీలన ఆయనకు అభిరుచి. అవి ఏ దారిన వస్తాయో ముందే లెక్కగట్టి, తక్కువ వెలుగులోనూ పనిచేసే కెమెరాతో కాచుకుని కూర్చున్నారు. అదే దేశంలో, అదే దృశ్యాన్ని చూసి గ్రహాంతరవాసులు వచ్చారని భయపడినవారూ ఉన్నారు. ఇద్దరి కళ్లూ ఒకటే చూశాయి. ఒకరు లెక్క వేసుకుని చూశారు. రెండోవారు చూశాక కథ అల్లుకున్నారు.

మా పాత సాక్ష్యం

"కళ్లారా చూశారా?" అన్న ప్రశ్న మాకు కొత్త కాదు. ముప్పై అయిదేళ్ల కిందట, మదర్సాలో చదువుకునే రోజుల్లో, ఒకసారి మమ్మల్ని ఇదే అడిగారు.

అది రమజాన్ 29వ సాయంత్రం. డాబా మీద పది పన్నెండు మంది విద్యార్థులం పడమటి వైపు చూస్తున్నాం. ఒకడు "అదిగో చాంద్!" అన్నాడు. రెండోవాడూ అన్నాడు. మాకు ఏమీ కనబడలేదు. కానీ పండుగ మీది ఆశ, పక్కవాడికి కనబడింది మాకు కనబడలేదంటే చిన్నతనం. మేమూ "అవును, అదిగో" అన్నాం. సాక్ష్యం తీసుకోవడానికి ఒక వృద్ధ ఆలిమ్ వచ్చారు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగారు: సూర్యుడు అస్తమించిన చోటికి కుడివైపా, ఎడమవైపా? ఎంత ఎత్తులో? ఎన్ని గంటలకు? కొమ్ములు ఎటు ఉన్నాయి?

"కిందికి" అన్నాం మేము.

ఆయన కోప్పడలేదు. నెలవంక వెలుగుండే అంచు సూర్యుని వైపు ఉంటుంది. కొమ్ములు ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కున ఉంటాయి. సూర్యుడు కిందికి దిగిపోయాక కొమ్ములు కిందికి ఎలా ఉంటాయి? ఆయన మా భుజం తట్టి, "బేటా, నీ మాట మీద ఊరంతా రోజా విడుస్తుంది. కనబడకపోతే కనబడలేదని చెప్పడం కూడా సాక్ష్యమే" అన్నారు. ఆ సాయంత్రం ఎవరి సాక్ష్యమూ నిలవలేదు. ముప్పై రోజాలు పూర్తి చేశాం.

ఇప్పుడు క్యాంపస్‌లో ఆ కుర్రాడు తన నోటుపుస్తకం చూపించినప్పుడు మా ఒళ్లు జలదరించింది. తేదీ, సమయం, నిలబడిన చోటు, వచ్చిన దిక్కు, ఎత్తు, దాటిన నక్షత్రం, ఆరిపోయిన చోటు, మిణుకుమన్నదా లేదా. మబ్బు పట్టిన రోజు ఎదురుగా "కనబడలేదు" అని రాసి ఉంది. ఆ వృద్ధ ఆలిమ్ అడిగిన ప్రశ్నలే!

నక్షత్రాలే గీటురాళ్లు

ఆ రాత్రి తీసిన చిత్రంలో ఉపగ్రహం ఒక ఎర్రని నక్షత్రం పక్కగా సాగింది. తెలుగువారు దాన్ని రోహిణి అంటారు. ఇంగ్లీషులో ఆల్డెబరాన్. అది అరబీ పేరే: అద్దబరాన్, వెనుక నడిచేది అని అర్థం. కృత్తికల వెనుక నడుస్తుంది కనుక ఆ పేరు. ఇలాంటి పేర్లు డజన్ల కొద్దీ ఈనాటికీ ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ స్థిరతారల గురించి గ్రంథం రచించారు. ఆండ్రోమెడా పాలపుంతను ఒక చిన్న మబ్బుగా నమోదు చేసినది అందులోనే. ఆయనకు దూరదర్శిని లేదు. ఉన్నది కన్ను, ఓపిక, నిజాయితీ. ఆనాటి పెద్ద మసీదుల్లో ‘మువఖ్ఖిత్’ అనే ఉద్యోగి ఉండేవాడు. నమాజు వేళలను లెక్కగట్టడం ఆయన పని. 14వ శతాబ్దంలో దమస్కస్‌లోని ఉమయ్యద్ మసీదుకు మువఖ్ఖిత్‌గా ఉన్న ఇబ్నుష్షాతిర్ గొప్ప ఖగోళవేత్త. 1371లో ఆయన ఆ మసీదు మినారుకు ఒక నీడగడియారాన్ని తయారుచేశారు.

ఈ వారసత్వం మన హైదరాబాద్‌కూ దక్కింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో ఫిసల్‌బండలో ఒక వేధశాలను నెలకొల్పారు. ఆయన తదనంతరం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. నిజామియా వేధశాల అంటే అదే. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసిన మహాకార్యంలో బేగంపేటకూ ఒక భాగం దక్కింది. 4 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఇక్కడివారు గాజు పలకల మీద కొలిచి అచ్చువేశారు. 1968లో జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా వారు 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ ప్రాంతం మీదుగానే సాగింది.

ఈ పాత కథకూ ఫోను వీడియోకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. చిత్రంలో ఉపగ్రహం ఎక్కడుందో చెప్పాలంటే దాని పక్కనున్న నక్షత్రం ఎక్కడుందో తెలియాలి. కదిలేదానికి కదలనిది సాక్షి. ఆ సాక్షుల చిరునామాలను రాసిపెట్టినవారిలో మన నగరం వారూ ఉన్నారు.

సామాన్యుల కళ్లు

ఇదంతా కాలక్షేపం అనుకోకండి. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి ఉపగ్రహం స్పుత్నిక్‌ను పంపేనాటికే, ఉపగ్రహాలను కనిపెట్టడానికి అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ పిలుపు మేరకు దేశదేశాల సామాన్యులు ‘మూన్‌వాచ్’ బృందాలుగా ఏర్పడి ఉన్నారు. ఆ సంస్థ పెద్ద కెమెరాలను ప్రపంచంలో 12 చోట్ల ఉంచితే, అందులో ఒకటి మన నైనిటాల్‌లో పనిచేసింది. ఒక విచిత్రం చూడండి. స్పుత్నిక్‌ను చూశామని ఆనాడు మురిసిపోయినవారిలో చాలామంది నిజానికి చూసింది దాని వెనుక తిరుగుతున్న రాకెట్టు భాగాన్ని. స్పుత్నిక్ కేవలం 58 సెంటీమీటర్ల గోళం. అది మామూలు కంటికి అందేది కాదు. చూసింది నిజం. అది ఏమిటన్నది పొరపాటు.

2005 డిసెంబరులో మూగబోయిన 'ఇమేజ్' అనే నాసా ఉపగ్రహం సంకేతాన్ని 2018 జనవరిలో తన రేడియో పరికరాలతో పట్టుకున్నది కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ అనే అభిరుచిపరుడే. నాసా పరీక్షించి, అదేనని ధ్రువీకరించింది.

మన పొరుగునే జరిగింది చూద్దాం. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర ఆకాశంలో నిప్పుల వరుస సాగింది. ఎందరో ఫోన్లతో వీడియో తీశారు. ఉల్కలని కొందరు, మరేదో అని కొందరు అన్నారు. చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరి గ్రామంలో ఒక పెద్ద లోహపు వలయం పడి ఉండడం కనుగొన్నారు. అది భూమికి తిరిగి పడిపోతూ కాలిపోయిన చైనా రాకెట్టు శకలమని నిపుణులు నిర్ధారణకు వచ్చారు. అదే ఏడాది డిసెంబరు 7 ఉదయం హైదరాబాద్ పైన తెల్లని గుండ్రని వస్తువు కనబడి కలకలం రేగింది. ఆఖరికి అది వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగింది. టాటా పరిశోధన సంస్థ వారు ఇక్కడి తమ కేంద్రం నుంచి పంపిన బెలూన్ అది. 1969 నుంచి ఆ కేంద్రం మన నగరంలోనే ఉంది!

మీరూ చూడవచ్చు

దీనికి పెద్ద ఖర్చు లేదు. అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళుతుందో నాసా వారే ముందుగా తెలియజేస్తారు. ఆ వేళకు పది నిమిషాల ముందే బయటికి వచ్చి కళ్లను చీకటికి అలవాటు చేసుకోండి. ఫోనును చేతితో పట్టుకోకండి. స్టాండు మీదనో, ఇటుకకు ఆనించో కదలకుండా పెట్టండి. ఫ్లాష్ ఆపండి. ఒక నక్షత్రం మీద చిత్రం స్పష్టంగా వచ్చేలా సర్దండి. చెట్టో, మినారో, డాబా అంచో ఒక మూల పడేలా చూడండి. తర్వాత దిక్కు చెప్పడానికి అదే ఆధారం. చిత్రం పది ఇరవై సెకన్లపాటు వెలుగు తీసుకునేలా పెడితే ఉపగ్రహం ఒక తెల్లని గీతలా వస్తుంది. వీడియో అయితే నడిచే చుక్కలా వస్తుంది. చేయి చాచి పిడికిలి పట్టితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఎత్తు కొలవడానికి అది చాలు. అన్నీ అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి.

వెలుగు ఆగి ఆగి మెరిస్తే అది బొంగరంలా తిరుగుతున్న రాకెట్టు భాగమో, పనిచేయని ఉపగ్రహమో కావచ్చు. ఎర్రదీపం, పచ్చదీపం ఉంటే విమానం. తార్నాకలో ఒకరు, భువనగిరిలో ఒకరు ఒకే క్షణాన చిత్రం తీస్తే, అదే ఉపగ్రహం రెండు చిత్రాల్లో వేర్వేరు నక్షత్రాల మధ్య కనబడుతుంది. ఆ తేడాను బట్టి అది ఎంత ఎత్తున ఉందో విద్యార్థులు లెక్కగట్టవచ్చు. ఇద్దరు సాక్షులు ఉంటే విషయం ఎంత బలపడుతుందో చూడండి! ఒక్క హెచ్చరిక: సూర్యుని వైపు మాత్రం తగిన రక్షణ లేకుండా కంటితోగానీ, బైనాక్యులర్‌తోగానీ, కెమెరాతోగానీ చూడకండి. చూపు పోతుంది.

గ్రహణం నాటి పాఠం

ఆకాశాన్ని, రేయింబవళ్ల మార్పును గమనించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ మనిషిని పదే పదే ఆహ్వానిస్తుంది. నమ్మదగని వ్యక్తి ఒక వార్త తెస్తే విచారించి తెలుసుకోమని 'హుజురాత్' సూరా ఆదేశిస్తుంది. ఈ రెండూ వేర్వేరు ఆదేశాలని మేము ఇన్నాళ్లూ అనుకున్నాం. క్యాంపస్‌లో నిలబడిన ఆ రాత్రి రెండూ ఒకటిగా తోచాయి.

క్రీ.శ. 632లో దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు చీకటి కమ్మాడని ప్రజలు చెప్పుకోసాగారు. గమనించండి, ఆ మాట ఆయన గౌరవాన్ని పెంచేదే. అయినా ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు దేవుని సూచనలని, ఎవరి చావు కోసమో, ఎవరి పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. నమాజు వైపు, ప్రార్థన వైపు ప్రజలను మళ్లించారు. పుత్రశోకంలో ఉండి కూడా, తనకు అనుకూలమైన పుకారును తానే ఖండించిన మహనీయుని అనుచరులం మనం. ధర్మానికి బలం చేకూరుతుందనుకుని ఒక అబద్ధపు వీడియోను పదిమందికి పంపడం మనకు తగునా? ధర్మానికి అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు.

ఆ రాత్రే మేము ఆ ఇద్దరికీ ఫోను చేశాం. "మేము పంపింది పొరపాటు. అవి మనుషులు పంపిన ఉపగ్రహాలు. విచారించకుండా పంపాం, క్షమించండి" అన్నాం. ఒకరు నవ్వి సరేనన్నారు. రెండోవారు కాసేపు మౌనంగా ఉండి, "మౌలానా సాబ్, మీరు పంపారని నేను ఇంకో నలభై మందికి పంపాను" అన్నారు. ఆ నలభై మంది ఎవరో మాకు తెలియదు. వారి దగ్గరికి మా క్షమాపణ చేరిందో లేదో కూడా తెలియదు. ఈ వ్యాసం వారిలో ఒక్కరి కంటబడినా మా బరువు కొంత తగ్గుతుంది.

మసీదు మెట్ల మీద మమ్మల్ని అడిగిన పెద్దమనిషికి మాత్రం మేము జవాబు చెప్పలేదు. మరో సాయంత్రం ఆయనను క్యాంపస్‌కు వెంటబెట్టుకు వెళ్లాం. కుర్రాడు మళ్లీ ఒక కాగితం మీద నిమిషం రాసిచ్చాడు. వెలుగు వచ్చింది, దాటింది, ఆరిపోయింది. ఆయన చాలాసేపు ఆ చీకటి వైపే చూసి, "సుబ్‌హానల్లాహ్! ఇది నేను చూశాను" అన్నారు.

కన్ను చూసినదే నాలుక పలికే భాగ్యాన్ని, చూడనిదాన్ని చూడలేదని చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.